అవునా, కాదా అని అడిగే భూతాల ఆట

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. ఇందులో ఒక అక్షరం కింద ఉండాల్సిన ఒత్తు పక్క అక్షరం కింద కనిపించవచ్చు. నేను పలక పట్టింది అరవై ఆరో ఏట. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అందులో ఒక రోజంతా కళ్లద్దాలు వెతకడానికే పోయింది. అవి నా తలమీదే ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. మీరు దిద్దుకుని చదువుకోండి.

ఇక అసలు సంగతి. సెల్‌ఫోన్లో ఆడే భూతాల ఆటను ప్రభుత్వం ప్రతి ఇంటికీ తప్పనిసరి చేయాలి! రేషన్ కార్డు ఉన్న ప్రతి కుటుంబమూ రోజుకు గంటసేపు కూర్చుని ఆడి తీరాలి. ఆడనివాళ్లకు కందిపప్పు ఆపేయాలి!

ఫోన్లతో పిల్లలు పాడైపోతున్నారని మీరంటారు. నాకు తెలుసు. నేనూ అన్నాను, ఆడక ముందు.

మా మనవరాలు మసరత్ ప్రొద్దుటూరులోనే బి.ఇడి చదువుతోంది. ఇంకా ఏడాది ఉంది. టీచరు కావాలంటే ముందు ఎవరికో ఒకరికి పాఠం చెప్పి చూడాలి కదా? వీధిలో పిల్లలు దాన్ని చూడగానే పారిపోయేవారు. మోకాళ్ల నొప్పులున్న జేజి ఎక్కడికి పారిపోతుంది? అట్లా నేను దొరికాను.

మూడు నెలలు పలక మీద దిద్దించింది. నేను విసుక్కుంటుంటే ఒకరోజు ఫోన్ చేతికిచ్చి, "దీంట్లో భూతాలుంటాయి జేజీ. పుట్టినదానికల్లా పేరు పెట్టాల. పేర్లు రాస్తాంటే అక్షరాలు అవే వస్తాయి" అంది.

ఆట ఏమిటంటే, ఊరి బయట భూతాలు తిరుగుతుంటాయి. మనం వాటిని పట్టాలి, మేపాలి, పోట్లాటకు దించాలి. రెండింటిని జత చేస్తే గుడ్డు వస్తుంది, గుడ్డులోంచి కొత్త భూతం వస్తుంది. దీన్ని ఎవరో మహానుభావులు తెలుగులోకి మార్చారు. ఆ తెలుగు చూశాక నా తెలుగు మీద నాకు ధైర్యం వచ్చింది.

నాకు మొదట దొరికింది జున్నుముక్కలాంటి ఒక చిన్న భూతం. చేతుల్లేవు, కాళ్లు లేవు, రెండు కళ్లు, ఒక నవ్వు. దానికి ఖాదర్ అని పెట్టాను. అది మా ఇంటాయన పేరు. ఆయన జమ్మలమడుగులో పరుపులు కుట్టేవాడు. కుట్టీ కుట్టీ మనిషే పరుపైపోయినాడు. ఎవరేమన్నా లోపలికి పోయి మళ్లీ పైకొచ్చేవాడు, అంతే. చనిపోయి తొమ్మిదేళ్లు.

సరే, ఆ ఆటలోని ఉత్తమ నీతులు వినండి.

అందులో ఒక రాజుంటాడు. లోకం మునిగిపోతోందని పదేళ్ల పిల్లను పిలిపించి, చేతిలో ఒక కట్టె పెట్టి, పోయి కాపాడమంటాడు. ఆయన ద్వారం దగ్గర ఇనుప చొక్కాలు వేసుకున్న సైనికులు ఇరవై మంది ఉంటారు. వాళ్లేం చేస్తారు? "బయట జాగ్రత్త పాపా" అంటారు! పెద్దవాళ్లు చేయాల్సిన పనిని పిల్లల నెత్తిన పెట్టి, పక్కన నిలబడి జాగ్రత్తలు చెప్పడం ఎంత గొప్ప పాలన! ఇది నేర్చుకోవడానికి మనం ఆటలు ఆడాలా అంటారా? నిజమే, ఆ ఒక్కటి మనకు ముందే వచ్చు.

ఆ పిల్ల ఎవరింట్లోకైనా తలుపు కొట్టకుండా దూరిపోతుంది. బీరువాలు తెరుస్తుంది. కుండలు పగలగొట్టి లోపల ఏముందో చూస్తుంది. ఇంటివాళ్లు నవ్వుతూ, "ఈరోజు గాలి బాగుంది" అంటారు. ఏమి సంస్కారం! మా వీధిలో మూత తీసి కూర చూసి పోయేవాళ్లను నేను ఇన్నేళ్లూ అనవసరంగా తిట్టుకున్నాను.

భూతాన్ని చావగొట్టామనుకోండి. అది లేచి, ప్రేమగా మన వైపు చూసి, "నన్నూ మీ వెంట తీసుకుపోతారా?" అంటుంది. దెబ్బలు తిన్న మూడో క్షణానికి స్నేహం! మా పక్క ఊళ్లలో గట్టు దగ్గర కొట్టుకున్నవాళ్లు మూడు తరాలు మాట్లాడుకోరు. వాళ్లందరికీ తలా ఒక ఫోన్ పంచితే ఎంత బాగుంటుంది?

సత్రంలో ఒక్కసారి పడుకుని లేస్తే చాలు, విరిగిన రెక్కలతో సహా అన్నీ నయమైపోతాయి. టోకెన్ లేదు, స్కానింగ్ లేదు, సార్ భోజనానికి పోయినాడు అనడం లేదు!

ఆ ఊళ్లో ప్రతి మనిషికీ ఒకే ఒక్క మాట వచ్చు. ఎన్నిసార్లు పలకరించినా అదే చెప్తారు. మొదట నాకు వింతగా అనిపించింది. తర్వాత మా ఆడబిడ్డ మైమూన్ గుర్తొచ్చింది. ఆమెకూ ఒకటే మాట.

"పాపకు ఇరవై రెండొచ్చినాయి వదినా."

టీ తాగుతావా అంటే, పాపకు ఇరవై రెండొచ్చినాయి. మోకాళ్లు ఎట్లుండాయి అంటే, పాపకు ఇరవై రెండొచ్చినాయి! ఆ మాట వల్లనే మా ఇంట్లోకి పెళ్లిళ్ల చాంద్ బాషా వచ్చాడు, పులివెందుల నుంచి ఒక సంబంధం పట్టుకుని. అబ్బాయి హుమాయున్, కువైట్లో ఏసీ మెకానిక్. సెలవు మీద వచ్చాడు. సెలవు అయిపోయేలోపు పెళ్లి కావాలట. పెళ్లయితే మసరత్ పులివెందులకు. బి.ఇడి ఎక్కడికి? అది ఎవరూ అడగలేదు.

ఆటలో రెండు భూతాలను జత చేసే ముందు, పుట్టబోయేది ఎట్లుంటుందో తెరమీద చూపిస్తారు. తండ్రి నిప్పు, తల్లి రెక్కలు, కలిపితే నిప్పు కక్కుతూ ఎగిరే పక్షి. చాంద్ బాషాకు తెర కూడా అక్కర్లేదు, నోటితోనే చూపిస్తాడు.

"అబ్బాయి ఎత్తు, మీ పాప రంగు. అబ్బాయి కష్టం, మీ పాప సదువు. బిడ్డ పుడితే కలెక్టరే అక్కా!"

"తిరగబడితే ఏంది అప్పా?" అని అడిగాను. "మా పాప ఎత్తు, ఆ పిల్లోని సదువు వచ్చిందనుకో?"

చాంద్ బాషా మేం పెట్టిన కూర గిన్నెలో ముక్క వెతుక్కున్నాడు. మా అబ్బాయి నయీం నా వైపు కోపంగా చూశాడు.

ఇంకొక విశేషం. జత అయ్యాక తల్లిదండ్రులైన భూతాలు మాయమైపోతాయి. ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు. ఇది మాత్రం ఆట రాసినవాళ్లు మా వైపు వచ్చి చూసి రాసుకుపోయినట్టుంది. మా దగ్గర తండ్రి కువైట్లో మాయమవుతాడు, తల్లి వంటింట్లో.

ఇప్పుడు ఆ ఆటలోని అన్నిటికంటే గొప్ప సుగుణం చెప్తాను. మా ఖాదర్ ఎన్నాళ్లు మేపినా నాలుగో లెవెల్ దాటలేదు. ఒక్క దెబ్బకు పడిపోతాడు, పడి కూడా నవ్వుతాడు. మసరత్ అంది, "ఈన్ని ఇంకోదాంతో జత చేసెయ్ జేజీ. మంచిది పుడ్తాది. ఈడు ఎందుకూ పనికిరాడు." సరేనని నొక్కాను. ఫోన్ ఆగి నన్ను అడిగింది:

"ఖాదర్ తిరిగి రాడు. మీరు ఖచ్చితమేనా? అవును. కాదు."

అక్షరాలు కూడబలుక్కుని చదివాను. "కాదు" నొక్కాను. పొరపాటున నొక్కానేమో అని మళ్లీ అడిగింది. మళ్లీ "కాదు".

అమ్మలారా, అరవై ఏడేళ్లలో నన్ను ఒక విషయం రెండుసార్లు అడిగింది ఆ ఫోన్ ఒక్కటే!

నిఖా రోజున అడగలేదా అంటారా? అడిగారు. మా మతం అడిగి తీరాలంటుంది. పెళ్లికూతురి మాట తీసుకుపోయే వకీలు, ఇద్దరు సాక్షులు వచ్చి మూడుసార్లు అడుగుతారు. వాళ్లు మంచివాళ్లే. కానీ పెళ్లికూతురు వెనక ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. ప్రశ్న పూర్తికాకముందే ఆమె చెయ్యి మెడ మీద పడుతుంది, తల కిందికి పోతుంది. "తల ఊపింది, తల ఊపింది" అని ఆడవాళ్లంతా అంటారు. పెద్దముడియంలో నా తల మా చిన్నమ్మ ఊపింది. దేవుని దయ, దొరికింది ఖాదర్. లాటరీ తగిలినవాళ్లు లాటరీ మంచిదంటారు. అది వేరే సంగతి.

ఆట గురించి ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. దానికి ఐదు భాగాలున్నాయి. ఐదింట్లోనూ చివరి రాక్షసుడు ఎవరో తెలుసా? కొండల్లో ఉండేవాడు కాదు. మొదటి నుంచీ రాజు పక్కన నవ్వుతూ నిలబడి, మనకు మంచి మాటలు చెప్పిన ముసలి మంత్రి! మసరత్ పది నిమిషాల్లో కనిపెట్టేస్తుంది. నేను ఐదుసార్లూ మోసపోయాను.

పోయిన ఆదివారం పులివెందుల వాళ్లు అబ్బాయిని, చాంద్ బాషాను వెంటబెట్టుకుని మాట తీసుకోవడానికి వచ్చారు. మసరత్‌ను గడప దగ్గర చాప మీద కూర్చోబెట్టారు. దాని మెడ అప్పటికే బిగుసుకుపోయి ఉంది. మైమూన్ నన్ను పిలిచి వెనక కూర్చోమంది.

"నువ్వే కూచో వదినా. నీ చెయ్యి మంచి చెయ్యి. షహనాజ్‌కి ఎంత సులువుగా అయిపాయె!"

షహనాజ్ నా కోడలు, మసరత్ తల్లి. అంతకు ముందు నా తమ్ముని కూతురు. ఇరవై నాలుగేళ్ల కిందట దాని నిఖాలో మేనత్తగా వెనక కూర్చున్నది నేనే. దాని తల ఊపింది ఈ చెయ్యే. అప్పుడు అది ఏం చెప్పబోయిందో నాకు ఈరోజుకీ తెలియదు. ముసలి మంత్రి ఎవరో మీరు నాకంటే ముందే కనిపెట్టి ఉంటారు.

షహనాజ్ షర్బత్ ట్రే పట్టుకుని వచ్చింది. నా చెయ్యి వైపే చూస్తోంది.

పెళ్లికొడుకు మామ గొంతు సవరించుకున్నాడు. "ఏం పాపా, ఇష్టమేనా?"

నా చెయ్యి అలవాటుగా లేచింది. దించి ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి పెట్టి అదిమిపట్టాను.

"వంచు వదినా" అని మైమూన్ గొణిగింది. నేను కదలకపోయేసరికి తనే ముందుకు వంగింది. అంతలో షహనాజ్ ట్రే తెచ్చి ఆమె రెండు చేతుల్లో పెట్టేసింది.

"ఒలికిపోతాది చిన్నత్తా, గట్టిగా పట్టుకో."

ఆ మామ మళ్లీ అడిగాడు, "అవునా, కాదా పాపా?"

మసరత్ తల ఎత్తింది. "ఇప్పటికి కాదు మామా. నాకు ఇంకా ఏడాది సదువుండాది. అది అయినంక అడగండి, అప్పుడు ఆలోచించి చెప్తా."

"ఖచ్చితమేనా?" అన్నాను నేను, ఫోన్ అడిగినట్టే.

అది వెనక్కి తిరిగి నవ్వింది. "ఖచ్చితమే జేజీ."

అప్పుడు నాకొక సందేహం వచ్చింది. "అబ్బాయిని ఎవరన్నా అడిగినారా అప్పా?"

అందరూ చాంద్ బాషా వైపు చూశారు. చాంద్ బాషా గోడ వైపు చూశాడు. హుమాయున్ మెడ మీద వాళ్ల మామ చెయ్యి ఉండటం నేను అప్పుడు చూశాను. ఆ చెయ్యి మెల్లగా కిందికి జారింది. అబ్బాయి వచ్చినప్పటి నుంచీ మొదటిసారి తల ఎత్తి, గట్టిగా ఊపిరి పీల్చి, మైమూన్ చేతిలోని ట్రే నుంచి ఒక షర్బత్ గ్లాసు తీసుకున్నాడు.

నయీం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మసరత్ కాలేజీ ఫీజు కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం షహనాజ్ నా మోకాళ్లకు నూనె రాస్తూ, "అప్పుడు నేను అవుననే చెప్దామనుకుంటి అత్తా. నన్ను చెప్పనీయకపోతివి" అంది.

మైమూన్ మాట మారింది. "పాపకు ఇరవై మూడొస్తాయి వదినా" అంటోంది.

కాబట్టి అధికారులకు నా మనవి. ఫోన్లు పంచలేకపోతే పోనీ, ఆటలు వద్దనుకుంటే మానేయండి. ఇంటింటికీ అవును, కాదు అనే ఆ రెండు మాటలు మాత్రం పంచండి. వెనక ఎవరూ కూర్చోకుండా చూడండి.

మా ఖాదర్ ఇంకా నాలుగో లెవెల్లోనే నవ్వుతున్నాడు. నేనింకా ఒత్తుల దగ్గరే ఉన్నాను. టీచరు మరో ఏడాది ఇంట్లోనే ఉంటుంది.

సైదున్నీసా, అరవై ఏడేళ్లు. పెద్దముడియంలో పుట్టి, జమ్మలమడుగులో కాపురం చేసి, ఇప్పుడు ప్రొద్దుటూరులో కొడుకు ఇంట్లో, మనవరాలి వెనక కాకుండా పక్కన కూర్చుంటున్నాను.