ఆత్మకూరు సముద్రంలో చప్పుడు మదింపు

సముద్రం ఎక్కడుండాలో నిర్ణయించే అధికారం సముద్రానికి లేదు. అది అంతర్జల శబ్ద ప్రభావ మదింపు మండలిది. నడిసముద్రంలో మోత పుట్టించే యంత్రాన్ని దింపే ముందు, జలచరాలకు కలిగే ఇబ్బందిని అంచనా వేయాలి. మండలి అధికారులకు పడవెక్కితే వాంతులవుతాయి కనుక, ఆత్మకూరు దగ్గరి కృష్ణా నది నీళ్లను తాత్కాలిక సముద్రంగా ప్రకటించారు. (ఉప్పు లోటును దస్త్రంలో సర్దేశారు.)

ముందుగా తిమింగలాలకు ముప్పై రోజుల గడువిచ్చి, నోటీసును మండల కార్యాలయం గోడకు అంటించారు. ఆ గడువులోనే యంత్రాన్ని కాస్త మోగించి చూశారు. తిమింగలాలు అభ్యంతరం చెప్పలేదు. నాగప్ప చెప్పాడు. ఆయన పుట్టిలో, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవలో, తిరిగి చేపలు పట్టే మనిషి. యంత్రం మోగిన నాటి నుంచీ వల ఖాళీగా వస్తోందని, భార్య జమ్ములమ్మ గంప ఎత్తుకుని సంతకు పోక పదిరోజులైందని అర్జీ రాయించాడు. జలచరమన్న ధ్రువపత్రం జతచేయలేదని దాన్ని తిప్పి పంపారు.

అసలు చిక్కు కొలతల్లో వచ్చింది. నాగప్ప వల వేశాక నీళ్లను కట్టెతో బాది చేపలను అటు తోలుతాడు. ఆ చప్పుడు నీటి అడుగున పెట్టిన మైకులో పడింది. మదింపు అధికారి వంశీధర్ నిబంధనలు తిరగేసి, యంత్రానికి అనుమతి ఉందని, కట్టెకు లేదని తేల్చాడు. కట్టెను స్వాధీనం చేసుకుని రసీదు కూడా ఇచ్చాడు.

నాగప్ప ఒడ్డున నిలబడి బతిమాలాడు.

“సార్, కొట్టకుంటె చేప వలల పడదు. మా నాయిన గూడ గిట్లనే కొట్టిండు. మీ డబ్బ మోగినకాన్నుంచి చేపలే లెవ్వు. జర గది రాసుకోండ్రి.”

“చేపలు లేవని చేపలు రాసిస్తే చూస్తా” అన్నాడు వంశీధర్. వెటకారం కాదు పాపం, ఫారంలో గడి అలాగే ఉంది. నాగప్ప ఖాళీ వల ఎత్తి చూపించాడు. (దానికి గడి లేదు.)

జమ్ములమ్మ బతిమాలలేదు. “కట్టె ఇయ్యకుంటె మేము బొంబాయి బస్సెక్కుడే” అంది. బొంబాయి తన పరిధిలోకి రాదని వంశీధర్ మర్యాదగానే చెప్పాడు.

వారానికి ఇద్దరూ బస్సెక్కారు, ఎక్కడో మేడలు కట్టేచోట ఇసుక మోయడానికి. మండలి తుది కొలతలు తీసి, ఒక్క పేజీ నివేదిక పంపింది:

“ప్రయోగానికి ముందు ఇచ్చట నీటిలో మనిషి చేయు చప్పుడు ఉండెను. ప్రయోగానంతరం లేదు. పర్యావరణం మెరుగుపడినది.”