విల్లుకు వావిలాకు కాపడం

ఈశ్వరి అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతుంటే, ఆమె మొగుడు దేవేంద్ర పెరటి పొయ్యి మీద డేగిసా ఎక్కించి నీళ్లలో గుప్పెళ్లకొద్దీ వావిలాకు వేశాడు.

"కాపడం ఎవులికి?"

"విల్లుకి."

ఆమె చెరగడం ఆపింది.

విజయనగరంలో పాత సామాన్ల కొట్టులో నిన్న కొన్న వెదురు విల్లు అది. ఏళ్ల తరబడి నారి బిగించే గోడకు తగిలించి ఉంచారేమో, నారి విప్పినా నడుం వంగే ఉంది. దీంతో ఎవరు వేటాడారో, బాణం ఎంత దూరం పోయేదో అని అతనికి నిద్రపట్టలేదు. ఒక్క బాణమైనా వేసి చూడాలి. వంపు తీయకపోతే ఊపు రాదు. మొండిగా తీస్తే ఫెళ్లున విరుగుతుంది. పొద్దున్నే ఆమదం రాశాడు. తల్లి జగ్గమ్మ మోకాళ్లకు వాడే వావిలాకు వెదురుకు మాత్రం ఎందుకు పనికిరాదనిపించింది.

జగ్గమ్మ గజపతినగరం సంతకు వెళ్లింది. పెరట్లో వేసి ఉన్న ఆమె బల్లమంచం మీద విల్లును పడుకోబెట్టి, వేడి గుడ్డలు చుట్టి, ఆవిరి పోకుండా ఆమె దుప్పటే కప్పాడు. పక్కన కూర్చుని మెల్లగా ఒత్తసాగాడు.

పక్కింటి లక్ష్మణమ్మ గోడమీంచి ఇదంతా చూసింది. జగ్గమ్మ మంచం, జగ్గమ్మ దుప్పటి, తల వంచుకుని కాపడం పెడుతున్న కొడుకు. ఇలాంటి వేళ పలకరించడం బాగుండదని, ఆమదాలవలసలో ఉన్న జగ్గమ్మ తమ్ముడు అప్పలసూరికి ఫోను చేసింది.

"మీ అప్ప మంచాన పడిపోనాది. బేగి రా, సూరీ!"

మధ్యాహ్నానికి అప్పలసూరి బత్తాయిల సంచితో ఏడుస్తూ దిగాడు. ధాన్యం బస్తాలాంటి మనిషి. "ఆగు మావా!" అని దేవేంద్ర అరిచేలోగా మంచం మీద పడి దుప్పటిని కావిలించుకున్నాడు.

"అప్పా! ఉట్టి ఎముకలైపోనావే!"

మంచం కిర్రుమంది.

"లెగు మావా! విరిగిపోద్ది!"

"విరగడానికి ఇంకేటి మిగిలిందిరా? కూడెట్టడం మానీసినావేటి?"

"ఎవులికిరా కూడెట్టనేదు?" అంది జగ్గమ్మ గుమ్మంలోంచి, చంకలో సంతబుట్టతో.

అప్పలసూరి ఆమెను చూశాడు, దుప్పటిని చూశాడు, ఒక్క గెంతున గోడకు అంటుకుపోయాడు.

దేవేంద్ర దుప్పటి తీశాడు. ఎక్కడా చీలిక లేదు. మేనమామ బరువుకు వంపంతా పోయి, విల్లు తిన్నగా అయింది.

"మావా! బతికించీసినావు!"

జగ్గమ్మ డేగిసాలో ఆకు చూసింది. ఆమదం గిన్నె చూసింది.

"ఈ కర్రకేటి, కాపడం?"

"కర్ర కాదమ్మా, విల్లు..."

"ఏళ్లనుండి మోకాళ్లు మోకాళ్లని అరస్తన్నాను. ఏనాడైనా నాకోసం ఒక్కాకు దూసినావేట్రా?"

ఈశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఈ పూటే పెడతానమ్మా. ముందు దీంతో ఒక్క బాణం..."

జగ్గమ్మ విల్లు అందుకుంది. కొస నేలకు తాటించి, బరువు మోపి చూసింది. వంగలేదు. దాన్నే ఊతంగా పట్టుకుని వీధి గుమ్మం దిగి వెళ్లిపోయింది.

కాపడం ఎవరికి పనిచేసిందో గాని, వీధి మలుపుదాకా జగ్గమ్మా, విల్లూ ఇద్దరూ నిటారుగానే నడిచారు.