ఒపేరా అధ్యయనమూ, బోయిగూడ హాలు కప్పూ

ఒపేరా ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, దాన్ని రంగస్థలం మీద ఎలా ఆడతారు అనే విషయాలను స్వయంగా అధ్యయనం చేసేందుకు సాంస్కృతిక శాఖ మంత్రి విజయేందర్ గారు సకుటుంబంగా ఇటలీ బయలుదేరారని పత్రికలన్నీ ప్రకటించాయి. కళ కోసం మండుటెండల్లో సికింద్రాబాద్‌ను వదిలి వెళ్లడానికి ఎంత త్యాగబుద్ధి ఉండాలి!

ఆ త్యాగం పూర్తయ్యేదాకా కుసుమకుమారి ఆగవలసి వచ్చింది. ఆమె బోయిగూడలో పద్యనాటక సమాజం నడుపుతోంది. ఈదురుగాలికి వాళ్ల హాలు రేకులన్నీ ఎగిరిపోయాయి. వానలు మొదలైతే తెరలూ హార్మోనియమూ పాడైపోతాయి, వాటితోపాటు సమాజమూ పోతుంది. ఆ బెంగతో ఆమెకు ముద్ద దిగడం లేదు. మంత్రిగారు తిరిగి రాగానే వెళ్లి దండం పెట్టింది.

"కప్పు సంగతి తర్వాత జూద్దామమ్మా. ఆడ ఒపేరాల హీరో కత్తిపోటు తిన్నంక అర్ధగంట పాడి సచ్చిండు. ఏం ఆర్టమ్మా అది!"

"మా దగ్గర సచ్చినంక సుత లేచి పాడ్తరు సార్. జనం వన్స్ మోర్ అంటే తప్పది గద."

మంత్రిగారు చకితులయ్యారు. "ఏందయ్యా దయాకర్, గిది మన స్టడీల రాలేదు?"

"సెకండ్ ఫేజ్‌ల పెడ్త సార్. వియన్నా సుత చూసినంకనే కంపేర్ చెయ్యొచ్చు," అన్నాడు పి.ఏ. దయాకర్ బాధ్యత నిండిన మొహంతో.

రెండో విడత త్యాగం కూడా ముగిశాక, నివేదిక ఆవిష్కరణ సభను ఆ కప్పులేని హాల్లోనే పెట్టారు. ఆకాశం కనబడే రంగస్థలం రోమన్ పద్ధతి అని మంత్రిగారు మెచ్చుకున్నారు. ఆపైన మైకు అందుకుని, రాగం తీస్తూ, "ఈ హాలుకు కొత్త కప్పు ఇస్తున్నా!" అన్నారు.

కుసుమకుమారికి కళ్లు చెమర్చాయి. ఏళ్ల తరబడి నాటకాలు చూసిన అలవాటు కొద్దీ జనం "వన్స్ మోర్!" అని అరిచారు. మంత్రిగారు పులకించి మళ్లీ ఇచ్చారు. మళ్లీ వన్స్ మోర్. మూడోసారి ఇచ్చినప్పుడు మోగిన చప్పట్లు రెజిమెంటల్ బజార్ దాకా వినిపించాయట.

వానలు ముదిరాక దయాకర్ గొడుగు వేసుకుని వచ్చాడు. తడిసిన తెర పిండుతున్న కుసుమకుమారి ఆశగా ఎదురెళ్లింది.

"ఏం పని చేసినవమ్మా! నీ అర్జీల ఉన్నది ఒక్క కప్పు. స్టేజీ మీద మూడు తీసుకున్నవ్. ఆడిట్‌వాళ్లు పరేషాన్ చేస్తున్నరు. ఎక్కువైన రెండు జెర జల్ది వాపస్ చెయ్యి."

"ఒక్కటి సుత రాలేదు సార్!"

దయాకర్ జాలిగా చూశాడు. "రాని కప్పు సంగతి వేరే సెక్షన్ల అడుగమ్మా. నాది వాపస్ తీసుకునే సెక్షన్."