అబిగయీలు అలియాస్ డెబోరా

పరంజ్యోతికి అన్నిటికన్నా పెద్ద భయం డెబోరా బరువు. కవలల్లో అబిగయీలు పదిన్నర కేజీలు తూగుతుంది. అదే కడుపున పది నిమిషాల తేడాతో పుట్టిన డెబోరా మాత్రం రెండేళ్లు నిండినా ఏడు కేజీల ఎనిమిది వందల దగ్గరే ఆగిపోయింది. రోజూ గుడ్డూ పాలూ పెట్టమనీ, వారం వారం తూయించమనీ, రెండు వారాలు వరసగా తగ్గితే ఆ అంకెల చీటీతో ఒక్క పూట కూడా ఆగకుండా తీసుకొస్తే చేర్చుకుంటాననీ నెల్లూరు డాక్టరు చెప్పాడు. గుడ్డూ పాలూ కాటా మూడూ ఊరి అంగన్‌వాడీలోనే ఉన్నాయి కాబట్టి ఆమె ప్రాణం కూడా అక్కడే ఉండేది.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు ప్రజలకు ఒక మేలు తలపెట్టారు. ఇందుకూరుపేట మండలంలో పిల్లల పేర్లూ బరువులూ ఉండే అంగన్‌వాడీల వెబ్‌పేజీలన్నిటినీ ఇకమీదట ఒక ఏఐ ఏజెంటు శుభ్రమైన పేజీలుగా మారుస్తుందని ప్రకటించారు. పాత పేజీని దాని ముందు పెడితే చాలు. మిణుకుమనే బొమ్మలు తీసేస్తుంది, ప్రకటనలు తీసేస్తుంది, రెండుసార్లు పడ్డవి ఒకటి చేస్తుంది. ఆ పనితనం పేరు స్కిల్.

"మన ఏజెంటుకు స్కిల్ ఉంది. ఆ స్కిల్‌కు క్వాలిటీ ఉంది. ఎంతుందో శాస్త్రీయంగా మూల్యాంకనం చేయిస్తాం," అన్నారు మంత్రిగారు. సభ చాలాసేపు చప్పట్లు కొట్టింది. క్వాలిటీ ఉందని ముందే తెలిసినా పరీక్ష పెట్టించే నాయకులు ఈ రోజుల్లో అరుదు.

మూల్యాంకనం అంటే ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసింది ఒకటే, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్. ప్రాజెక్టు అధికారి మధుబాబు గారు వారం తిరక్కుండా ఒక హైస్కూల్లో క్యాంపు తెరిపించారు. ఏజెంటు మార్చిన పేజీలన్నీ ప్రింటు తీసి, దారంతో కుట్టి, ఎవరి పేపరో తెలియకుండా పేరు చించి కోడ్ నంబరు వేశారు. రాసిన అభ్యర్థి ఒక్కటే అయినా నిష్పక్షపాతంలో లోపం ఉండకూడదని ఆయన పట్టుదల. ముప్పై ఏళ్లు స్పాట్ చూసి రిటైరైన హెడ్మాస్టరు హజరత్తయ్య గారు చీఫ్ ఎగ్జామినరు.

లబ్ధిదారుల తరఫున ఒక తల్లి కూర్చోవాలని రూలు ఉండటంతో అంగన్‌వాడీ టీచరు వెంకటశేషమ్మ పరంజ్యోతి పేరు రాసింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పరంజ్యోతి, పదో తరగతి పేపర్లు దిద్దే గదిలోకి అలా అడుగుపెట్టింది. అటొక పిల్ల, ఇటొక పిల్లతో బెంచీ చివర కూర్చుంది.

"దస్తూరి చూడండయ్యా, అచ్చు గుద్దినట్టుండాది," అని హజరత్తయ్య గారు మురిసిపోయారు. మార్జిన్ వంకర పోనందుకు పది, హెడ్డింగు కింద గీత గీసినందుకు పది వేయించారు. కొట్టివేతలు ఒక్కటీ లేవు.

పరంజ్యోతి తన ఊరి పేజీ తీసి వేలు పెట్టి చదివింది. "అబిగయీలు అలియాస్ డెబోరా. బరువు 18 కేజీల 300 గ్రాములు. అధిక బరువు. గుడ్డు, పాలు నిలుపుదల చేయవలెను."

"సార్, ఇందులో తప్పుండాది."

"తప్పు పట్టేది మేమమ్మా. నువ్వు లబ్ధిదారువి," అన్నారు హజరత్తయ్య గారు.

"ఇద్దరు పిల్లల్ని ఒకటి చేసినారు సార్. బరువులు కూడినారు. దొంగలకు పెట్టినట్టు అలియాస్ ఏంది సార్?"

మధుబాబు గారు పేజీ చూసి పొంగిపోయారు. "గమనించినారా మాస్టారూ? తల్లి ఒకటే, తండ్రి ఒకటే, ఇల్లు ఒకటే, పుట్టినరోజు ఒకటే. మనోళ్లకు బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉంటాయి కదా. ఆ సంగతి దానికి ఎవురూ చెప్పలా. సొంతంగా కనిపెట్టింది."

"ఇద్దరూ ఈడనే ఉండారు సార్. చూడండి."

హజరత్తయ్య గారు కళ్లద్దాలు పైకి తోసి చూశారు. ఒక పిల్ల ఎర్ర పెన్ను మూత నములుతోంది. రెండోది తల్లి ఒళ్లో సోలిపోయి ఉంది.

"ఉండారు," అని ఒప్పుకున్నారు. "అయితే ప్రశ్న పిల్లల మీద కాదమ్మా, పేజీ మీద. అభ్యర్థి ఏం రాసినాడని చూస్తాం గానీ, లోకంలో ఏముందని చూస్తే స్పాట్ ఎప్పటికి ముగిసేను?"

"పాత పేజీ తెరవండి సార్. ఇద్దరి పేర్లూ వేరే వేరేగా ఉండాయి."

"మార్చినాక పాతది ఎందుకమ్మా? తీసేసినాం," అన్నారు మధుబాబు గారు.

"మరి దేన్ని చూసి మార్కులేస్తా ఉండారు?"

"జవాబుల కీ ఉండాది గదా." హజరత్తయ్య గారు మరో కాగితం ఎత్తి చూపారు. అందులోనూ అబిగయీలు అలియాస్ డెబోరా అనే ఉంది.

"ఆ కీ ఎవరు రాసినారు సార్?"

"కీ ఎప్పుడైనా బాగా చదివేవాళ్ల చేతే రాయిస్తాం. దాని చేతే రాయించినాం."

సాయంత్రానికి ఏజెంటుకు నూటికి నూరు వచ్చాయి. మోడరేషన్ కింద అయిదు గ్రేస్ మార్కులు కలపకుండా తాను ఏ స్పాటూ మూయలేదని హజరత్తయ్య గారు చెప్పడంతో నూట అయిదుగా ప్రకటించారు.

మర్నాడు పరంజ్యోతి వెళ్లేసరికి వెంకటశేషమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"నన్ను తిట్టబాకమ్మే. ట్యాబులోకి కొత్త పేజీ వచ్చేసింది. అందులో లేని పిల్లకు గుడ్డియ్యలేను. అధిక బరువు పిల్లకు అసలే ఇయ్యలేను."

"తూకమన్నా వెయ్యక్కా."

"కాటా యాడుంది? నీ అబిగయీలును ఎక్కిస్తే పదిన్నర చూపించింది, ట్యాబు పద్దెనిమిదంటాది. కాటా చెడిపోయిందని రాసుకొని ఆఫీసోళ్లు పట్టుకపోయినారు."

పరంజ్యోతి భర్త జడ్సన్ రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు. ఆ వారం గుంటల్లో రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి జరుగుతోంది. కొనేవాళ్ల కాటా మీద ప్లాస్టిక్ ట్రే పెట్టి, అందులో డెబోరాను కూర్చోబెట్టాడు. ఏడు కేజీల అయిదు వందలు. పరంజ్యోతి ఆ అంకె చీటీ మీద రాసుకుని, భర్తను వెంటబెట్టుకుని మధుబాబు గారి దగ్గరికి వెళ్లింది.

"రొయ్యల కాటానా?" ఆయన జాలిగా నవ్వారు. "అది ఎంత తక్కువ చూపిస్తాదో మీ ఆయన్నే అడుగమ్మా."

జడ్సన్ తల దించుకున్నాడు. ఆ మాట అబద్ధమని ఏ రొయ్యల రైతూ అనలేడు.

శుక్రవారం విజయోత్సవ సభ జరిగింది. మండలంలో తక్కువ బరువు పిల్లలు ఒక్కరు కూడా లేరని మంత్రిగారు గద్గద స్వరంతో చెప్పారు. రెండేళ్ల ప్రాయంలో అందరికన్నా ఎక్కువ బరువు తూగిన అబిగయీలు అలియాస్ డెబోరాకు ఆరోగ్య శిశువు కప్పు ప్రకటించారు. పరంజ్యోతి ఇద్దరినీ ఎత్తుకుని మెట్లెక్కబోతే మధుబాబు గారు ఆపారు.

"ఒకరిని వెంకటశేషమ్మకియ్యి. ఫొటోలో అలియాస్ పడకూడదు."

డెబోరా ఫ్లెక్సీ వెనక ఉండిపోయింది. కప్పు అందుకున్న ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. మీరూ చూసే ఉంటారు.

వచ్చే మంగళవారంతో డాక్టరు చెప్పిన రెండో వారం నిండుతుంది. పట్టుబడి అయిపోయి కొనేవాళ్ల కాటా లారీలో వెళ్లిపోయింది. దగ్గర్లోని మైపాడు సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్లలో ఎవరి దగ్గరైనా మోసం లేని కాటా ఉంటే, ఆ లోపల ఒకసారి వాళ్లింటికి వెళ్లండి. ఆఫీసులో డెబోరా అని అడిగితే అలాంటి పిల్ల లేదంటారు, అబిగయీలు ఇల్లని అడగండి. ఎదురొచ్చి మీ చెయ్యి పట్టుకునేది అబిగయీలు. లోపల మంచం మీద ఇంకో పిల్ల ఉంటుంది, ఆ పిల్లను తూచండి.