మూడో గదిలో వినోద చెవులు

జనవరి రెండో సోమవారం ఉదయం పదింటికి వినోద తన చెవులు రెండూ తీసి యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రంలో అప్పగించి, రసీదు తీసుకుని, బస్సెక్కి హనుమకొండలోని తన ఇంటికి వెళ్లిపోయింది. రసీదు మీద 'చెవులు: 2, దుద్దులతో సహా' అని ఉంది. ఎడమ దుద్దులో ఒక రాయి లేదని కూడా అటెండరు కొమురయ్య పక్కన రాశాడు. తర్వాత మాట రాకూడదని అతను అన్నీ రాస్తాడు.

ఇందులో వింతేమీ లేదు. కౌన్సెలింగ్ ఎమ్మెస్సీ చివరి సెమిస్టరులో ఒక్కో విద్యార్థి నాలుగు వందల గంటలు జనం బాధలు వినాలి. ఒక్క గంట తగ్గినా డిటెయిన్ చేస్తారు, ఏడాది పోతుంది. చిన్నపిల్లలున్న తల్లులు ఆ గంటలు పూర్తి చేయలేక చదువు మానేస్తున్నారని యూనివర్సిటీ ఒక కమిటీ వేసింది. కమిటీ పన్నెండు ఇళ్లు తిరిగి చూసి, బాధలు వినడానికి చెవులు కావాలి, ఇంటి పనికి చేతులు కావాలి, రెండూ ఒకే చోట ఉండనక్కర్లేదని తేల్చింది. ఆ ఇళ్లలో తల్లి పిల్లల మాట వినేది సగటున రోజుకు పదకొండు నిమిషాలట. అందులో ఏడు నిమిషాలు వేరే పని చేసుకుంటూ 'ఊఁ' కొట్టినవే. ఈ మాత్రం వాడకానికి రెండు చెవులు ఇంట్లో అట్టిపెట్టుకోవడం దుబారా అని నివేదికలో రాశారు. కాదని వాదించడానికి వినోద దగ్గర వేరే అంకెలు లేవు.

కేంద్రంలో మూడో గది ఆమెకు కేటాయించారు. టేబుల్ మీద స్టీలు ట్రే, ట్రేలో తెల్ల తువ్వాలు, దాని మీద చెవులు. ఎదురుగా కుర్చీలో క్లయింటు కూర్చుంటాడు. అక్కడికి బాధ చెప్పుకోవడానికి వచ్చేవారిని క్లయింటు అనే అనాలి. క్లయింటు చెప్పింది ఇంట్లో ఉన్న వినోదకు వినిపిస్తుంది. ఆమె మెడలో వేలాడే ఫోనులో మాట్లాడితే ఆ మాట ట్రే పక్కనున్న స్పీకరులోంచి వస్తుంది. మొదట్లో "మీరు చెప్పింది ఈ గది దాటదు" అని చెప్పాలి. ఆ తర్వాత "ఇంకా చెప్పండి", "అప్పుడు మీకెలా అనిపించింది?" అనే రెండు మాటలతో చాలా బాధలు ఒడ్డెక్కుతాయి. యాభై నిమిషాలైతే ఒక గంట కింద జమ. నాలుగు వందలు నిండేదాకా చెవులు వెనక్కివ్వరు. మాటిమాటికీ తీసి పెడితే అతుకు వదులవుతుందట.

కాబట్టి వినోద రెండేళ్ల రుషికి స్నానం చేయిస్తూ ఎవరిదో విడాకుల కేసు వినేది. కుక్కరు విజిల్ వినబడదు కనుక గడియారం చూసి దించేది. ఉయ్యాలకు దారం కట్టి ఆ కొస గాజుకు ముడేసుకుంది. రుషి ఏడిస్తే గాజు కదిలేది. భర్త సదానందం కరెంటాఫీసులో పని చేస్తాడు. చెప్పాల్సింది పలక మీద రాసి చూపేవాడు: 'పాలు', 'తాళం ఎక్కడ?', 'తొమ్మిదింటికి వస్త'. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఇల్లు ఇంత నిమ్మళంగా ఎన్నడూ లేదని ఆఫీసులో చెప్పుకున్నాడు కూడా, మహానుభావుడు.

చిక్కల్లా ఆరేళ్ల శ్రీనికతోనే వచ్చింది. ఒకటో తరగతి. గుణింతాలు ఇంకా పూర్తి కాలేదు, పలక మీద రాయడం రాదు. మాట్లాడడం ఒక్కటే వచ్చు.

ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం శ్రీనిక కింది పన్ను ఊగింది. పిల్ల వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఆ సమయానికి మూడో గదిలో ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారు, తన కొడుకు తనతో మాట్లాడి పదకొండు నెలలైందని చెబుతున్నాడు. వినోద చపాతీ పిండి కలుపుతూ, "అప్పుడు మీకెలా అనిపించింది?" అంది.

"భయమైంది," అంది శ్రీనిక. "పన్ను ఊగుతాంది అమ్మా. రక్తమొస్తదా?"

"ఇంకా చెప్పండి."

శ్రీనిక ఇంకా చెప్పింది. క్లాసులో అందరికీ ఊడినా తనకే ఊడలేదని ఇన్నాళ్లు ఏడ్చానని, ఇప్పుడు ఊగుతుంటే అన్నం తినాలంటే భయంగా ఉందని, ఊడిన పన్నును ఇంటి మీదికి విసరాలట, కానీ తన చెయ్యి అంత ఎత్తుకు పోదని చెప్పింది. అమ్మ 'అండి' అనడం కొత్తగా ఉన్నా, అడిగింది కదా అని పిల్ల ముఖం వెలిగిపోయింది. "మీరు ఒంటరిగా లేరు," అంటూ వినోద గోడ వైపు చూసి కళ్లు తుడుచుకుంది. శ్రీనిక కూడా గోడ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

ఆ తర్వాత శ్రీనిక మాట్లాడడం మానేసింది. రెండు వారాలు చూసి బడిలో టీచరు సదానందాన్ని పిలిపించింది.

"పాప నోరు తెరుస్తలేదు సార్. ఎవలకన్నా చూపెట్టుండ్రి."

సదానందం పిల్లను యూనివర్సిటీ కేంద్రానికే తీసుకెళ్లాడు. భార్య చెవులు అక్కడున్నాయని అతనికి తెలుసు. కానీ అక్కడ ఎనిమిది గదులు, కౌన్సెలర్లకు పేర్లుండవు, నంబర్లే. ఫారంలో తల్లి పేరు రాసే గడి లేదు. 'ఇంట్లో వినేవారు ఉన్నారా?' అనే గడి ఉంది. సదానందం 'ఉన్నారు' అని రాసి, కొట్టేశాడు. మూడో గదికి టోకెన్ వచ్చింది. క్లయింటుతో వచ్చినవారు బయటే ఉండాలి కాబట్టి అతను బయట బెంచీ మీద కూర్చున్నాడు.

శ్రీనిక ట్రే ముందు కూర్చుని చాలాసేపు చూసింది. ఎడమ దుద్దులో రాయి లేదు. చంటిపిల్లగా ఉన్నప్పుడు దాన్ని కొరికి ఊడగొట్టింది తానేనని ఇంట్లో అందరూ చెప్పి నవ్వుతుంటారు.

"అమ్మా, పన్ను ఊగుతాంది," అంది.

ఇంట్లో బట్టలు మడతపెడుతున్న వినోద చేతులు ఆగిపోయాయి. ఆ గొంతు విని రెండు నెలలైంది. ప్రాణం లేచొచ్చినట్టయింది. "బిడ్డా" అనబోయింది. కానీ స్పీకరులో వచ్చే ప్రతి మాటా రికార్డవుతుంది. సొంత మాట ఒక్కటి దొర్లినా ఆ గంట కొట్టేస్తారు. ఇప్పటికి సగం గంటలే అయ్యాయి. ఈ ఒక్క గంట గడవనీ, సాయంత్రం ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను అనుకుంది.

"ఇంకా చెప్పండి," అంది.

శ్రీనిక యాభై నిమిషాలు ఆపకుండా చెప్పింది. సాయంత్రం వినోద పిల్లను నిజంగానే ఒళ్లో కూర్చోబెట్టుకుంది. శ్రీనిక ఏమీ మాట్లాడలేదు. చెప్పవలసినవన్నీ వచ్చే గురువారానికి దాచుకుంటోంది.

మూడు గురువారాల తర్వాత, రికార్డులు విన్న డాక్టర్ స్వరాజ్యం ఈ సంగతి పట్టుకున్నారు. విద్యార్థుల పని చూసే ప్రొఫెసరు ఆవిడే. కౌన్సెలరుకూ క్లయింటుకూ మధ్య మరో బంధుత్వం ఉండకూడదన్నది ఆ వృత్తిలో మొదటి నియమం. నైతిక నియమాల కమిటీ కూర్చుంది. రెండు సంబంధాల్లో ఒకటి ఆపాలి. ఏది ఆపాలో క్లయింటు మేలు చూసి నిర్ణయించాలి. అందుకని క్లయింటును పిలిచారు.

"మూడో గది మేడమ్ కావాల్నా తల్లీ, అమ్మ కావాల్నా?" అని స్వరాజ్యం మెల్లగా అడిగారు.

"ఎవలు ఇంటరు?"

"మేడమ్ ఇంటరు."

"అయితే మేడమ్," అంది శ్రీనిక.

తల్లి సంబంధాన్ని ఫైలు మూసేవరకు నిలిపివేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఫైలు మూయమని క్లయింటే అడగాలి. చేతులకు ఉత్తర్వు వర్తించదు. జడ వేయవచ్చు, టిఫిన్ డబ్బా కట్టవచ్చు, జ్వరమొస్తే నుదురు పట్టి చూడవచ్చు. కేంద్రం బయట క్లయింటు ఎదురుపడితే మాత్రం, క్లయింటు ముందుగా పలకరిస్తేనే కౌన్సెలరు పలకరించాలి. 'చదివి అర్థం చేసుకున్నాను' అన్నచోట వినోద సంతకం పెట్టింది. పెడుతుంటే ఏడుపొచ్చింది. తన ఏడుపు తనకే వినబడదు కనుక ఎంతసేపు ఏడ్చిందో తెలియలేదు.

సదానందం పలక మీద 'ఇంకో నెలే కదా' అని రాసి చూపాడు.

ఏప్రిల్ చివరి గురువారం శ్రీనిక నోట్‌బుక్ కాగితంలో ఏదో పొట్లం కట్టుకుని వచ్చింది. వినోదకు అది నాలుగు వందల గంటల్లో చివరి గంట.

"పన్ను ఊడింది మేడమ్."

"అప్పుడు మీకెలా అనిపించింది?"

"ఏం అనిపియ్యలే. మా అమ్మకు చెప్పాలనిపించింది." పిల్ల పొట్లం విప్పింది. "దీన్ని ఇంటి మీదికి ఇసిరెయ్యాలె. నాకు అందది. మీరు మా అమ్మకు చెప్తరా?"

స్పీకరు నలభై సెకన్లు పలకలేదు. ఆ నలభై సెకన్లు రికార్డులో ఉన్నాయి.

"మీరు చెప్పింది ఈ గది దాటదు," అంది వినోద.

"మంచిది మేడమ్," అని శ్రీనిక పన్నును ట్రేలో, రెండు చెవుల నడుమ పెట్టి వెళ్లిపోయింది. కొమురయ్య 'పన్ను: 1' అని రాసి ఫైలులో కుట్టాడు.

మర్నాడు వినోద వెళ్లి చెవులు తెచ్చుకుంది. నాలుగు వందల గంటలకూ 'అత్యుత్తమం' వచ్చింది. అదే కేంద్రంలో ఉద్యోగం కూడా ఇస్తామన్నారు. ఇంటికొచ్చాక కుక్కరు విజిలేసింది, రుషి ఏడ్చాడు, ఫ్యాను కిర్రుమంది. అన్నీ వినబడుతుంటే ఆమె సంబరపడిపోయింది. గాజుకున్న దారం విప్పేసింది.

ఒంటిపూట బళ్లు. మధ్యాహ్నం పన్నెండున్నరకు సదానందం శ్రీనికను బడి నుంచి తీసుకొచ్చాడు. వినోద గుమ్మంలో నిలబడింది. ఫైలు ఇంకా తెరిచే ఉంది కాబట్టి ఆమె ముందుగా పలకరించకూడదు. పిల్ల వైపు చూస్తూ, ఒక్క పిలుపు కోసం కాచుకుంది.

శ్రీనిక తల్లి ముఖం వైపు చూసింది. చెవుల వైపు చూసింది. ఎడమ దుద్దు చూసి గుర్తుపట్టి నవ్వింది. కింది వరసలో ఖాళీ కనిపించింది.

"నమస్తే మేడమ్."

క్లయింటే ముందు పలకరించింది కనుక ఇక నియమం అడ్డు రాదు.

"నమస్తే," అంది వినోద. "రండి, కూర్చోండి."

శ్రీనిక చెప్పులు విడిచి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని గోడ గడియారం చూసుకుంది. సదానందం రుషిని చంకనేసుకుని బయటికి నడిచి, వెనకాల తలుపు దగ్గరగా వేశాడు.