గ్లాసెడు ఏదైనా పావుకిలో

మా ఆసుపత్రి వంటశాలలో ఇకపై ఏ సరుకైనా సరే, గ్లాసుకు పావుకిలో తూగవలెనని సూపరింటెండెంటుగారు ఉత్తర్వు జారీ చేశారు. ఇంత గొప్ప మేలు తమకు జరగబోతోందని రోగులు కలలో కూడా అనుకుని ఉండరు.

దీని వెనక పెద్ద పరిశోధనే ఉంది. డాక్టర్లు పథ్యం గ్రాముల్లో రాస్తారు. వంటవాళ్ల చేతిలో ఉండేది స్టీలు గ్లాసు. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే భారాన్ని సూపరింటెండెంటుగారు స్వయంగా నెత్తినేసుకుని, గ్లాసెడు నీళ్లు కాటా మీద పెట్టించారు. సరిగ్గా పావుకిలో తూగాయి. ఎవరో ఊరుకోలేక ఓట్స్ కూడా పెట్టారు. వంద గ్రాములు రాలేదు. ఉప్పు పెడితే మూడువందలకు చేరింది. విధుల్లో అలసత్వానికి ఓట్సూ, పరిధి మీరినందుకు ఉప్పూ మందలింపు పొందాయి. తేడాలు పుట్టిస్తున్న కాటాను బీరువాలో పెట్టి తాళం వేశారు.

"నీళ్లకి లేని పొగరు ఉప్పుకీ ఓట్సుకీ ఎందుకండీ?" అని ఆయన సిబ్బందిని నిలదీశారు. "గ్లాసు ఒకటే, అంచూ ఒకటే. ఒకటి బరువు, ఒకటి తేలికా అంటే ఎవడొప్పుకుంటాడు? నేనున్నంతకాలం నా వంటింట్లో ఇలాంటి వివక్ష సాగదు!" సమానత్వం మీద ఇంత లోతైన ప్రసంగం వినలేదని హెడ్ గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు.

అప్పటికి మా పిన్ని అక్కడే రోగిగా ఉంది. బరువు పెరిగి నలభై ఐదు కిలోలకు వస్తేగాని ఆపరేషన్ చేయనని సర్జన్ తేల్చేశాడు. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుందని కూడా చెప్పి, రోజుకు నూట పాతిక గ్రాముల పాలపొడి రాశాడు. కొత్త లెక్కలో అది అరగ్లాసు. అరగ్లాసు పొడి అరవై గ్రాములే ఉంటుందన్నది పొడి సొంత అభిప్రాయం కనుక ఎవరూ పట్టించుకోలేదు. కిలో ఓట్సుకు నాలుగు గ్లాసుల చొప్పున పోయడంతో జావలో గరిటెకు ఈత తప్ప పని లేకుండా పోయింది. ఉప్పు మాత్రం ధారాళం.

సూపరింటెండెంటుగారు వార్డుకొచ్చినప్పుడు బాబాయి చేతులు జోడించాడు. "అయ్యా, మా ఆవిడ రోజురోజుకీ చిక్కిపోతోంది. ఒక్కసారి ఆ పొడిని కాటా మీద పెట్టి చూడండి."

"కాటా మీద పెడితే తేడా వస్తుందండీ. అందుకే కదా పెట్టట్లేదు!" అన్నారు సూపరింటెండెంటుగారు, ఎంతో ఓపికగా.

మంచం మీంచి పిన్ని అందుకుంది. "అయితే నన్నూ ఆ గ్లాసుతోనే కొలిచెయ్యండి బాబూ. ఎంత చిక్కినా పావుకిలోకి తగ్గకుండా పడుంటాను."

పిన్నికి ఒళ్లు మండి అన్న మాటను ఆయన సలహాగా స్వీకరించారు. ఇక నుంచి మంచానికి ఒక రోగి, రోగికి అరవై కిలోలు అని మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ఆ పూటే పిన్ని అరవై కిలోలయింది. నలభై ఐదు కిలోలు ఉండవలసిన మనిషి అంత పెరగడం ఆరోగ్యానికి మంచిది కాదు కనుక పాలపొడి ఆపేశారు. పదిహేను కిలోలు తగ్గాకే ఆపరేషన్ అన్నారు. సర్జన్ నోరు తెరిచాడు గాని, అతని ప్రమోషను సూపరింటెండెంటుగారి సంతకం దగ్గర ఆగి ఉందని గుర్తొచ్చి, ఆవులించి మూసేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆసుపత్రిలో అది మామూలే కాబట్టి ఎవరూ కారణం అడగలేదు.

బక్కచిక్కిన రోగి ఒక్కరూ లేని ఏకైక ఆసుపత్రిగా మాకు బహుమతి వచ్చింది. వార్డులోనే సభ పెట్టి సూపరింటెండెంటుగారికి శాలువా కప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. మీరూ ముందు వరసలోనే ఉన్నారు, చూశాను. ఒక్క ముద్ద పెట్టమని అడగడానికి పిన్ని రెండు చేతులూ పైకెత్తింది. గాజులు గలగలమంటూ మోచేతుల దాకా జారిపోయాయి. మనం దాన్ని కూడా చప్పట్లలోనే జమ కట్టేశాం.