ఫిల్టర్ కోసిన కత్తిపీట

నరేష్‌కుమార్‌ను కాలనీలో అందరూ టార్క్ నరేష్ అంటారు. సీసా మూత బిగించినా, చొక్కా గుండీ పెట్టుకున్నా, దానికి ఎంత టార్క్, అంటే ఎంత తిప్పుడు బలం కావాలో చెప్పందే వదలడు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడుపుతాడు. అక్కడ మాత్రం ఆ మాట ఎత్తొద్దని భార్య ఒట్టు వేయించుకుంది.

అతనికి రెండు సిలిండర్ల ఇంజనున్న పెద్ద మోటార్‌సైకిల్ ఉంది. కొని నాలుగేళ్లయినా దాని హ్యాండిల్ మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. భార్య ప్రసన్నకు గేర్ల బండి లైసెన్సు ఉంది, పెళ్లికి ముందు వాళ్ల నాన్న బండి మీద పోచంపల్లి దాకా పోయొచ్చిన చరిత్ర కూడా ఉంది. ఆమె బడంగ్‌పేట్‌లో సైన్సు టీచరు. ఎల్బీనగర్‌లోని ఇంటి నుంచి బడికి రోజూ రెండు బస్సులు మారుతుంది.

"వారంల మూడు రోజులు బండి నాకియ్యి. నీ దుకాణం మెట్రో దిగంగనే ఉన్నది," అని ఆ ఆదివారం పొద్దున మళ్లీ అడిగింది.

"ఇస్తుంటి గని, ఇంజన్ ఒక్క చేతికి అలవాటు పడ్డది ప్రసన్నా. చెయ్యి మారితే లోపల అరుగుతది."

"అరిగినట్టు ఎట్ల తెలుస్తది?"

నరేష్ కాచుకుని కూర్చున్నది ఈ ప్రశ్న కోసమే. ముందురోజు ఆయిల్ మార్పించి, పాత ఆయిల్ ఫిల్టర్‌ను పారేయకుండా తెచ్చుకున్నాడు. అరచేతిలో పట్టే నీలం రేకు డబ్బా అది.

"ఇంజన్ల ఏది అరిగినా ఆ పొడి దీంట్లనే చిక్కుతది. కోసి చూపిస్త. లోపలి కాయితం సాఫ్‌గుంటే ఇగ బండి మాట ఎత్తొద్దు."

"సాఫ్‌గ లేకుంటే?"

"ఉంటది," అన్నాడు నరేష్, డాక్టరు రిపోర్టు చూడకుండానే చెప్పినంత ధీమాగా.

ఫిల్టర్లు కోసే పనిముట్లు బజారులో దొరుకుతాయి. కానీ ఎవడో చేసింది కొంటే టార్క్ నరేష్ ఎట్లా అవుతాడు? వంటింట్లోని కత్తిపీటకు కత్తి ఊడదీసి, ఇనుము కోసే పళ్ల యాక్సా బ్లేడు బిగించాడు. డబ్బా తిరగడానికి రొట్టెల పీటకు పాత సూట్‌కేసు చక్రాలు కొట్టాడు. మధ్యాహ్నానికి యంత్రం తయారైంది.

సొరకాయ పట్టుకొని వచ్చిన ప్రసన్న ఆగిపోయింది. "పండ్లు కోసే కత్తిపీటకు పండ్లొచ్చినయేంది?"

"గిది ఫిల్టర్ కట్టర్."

"మరి సొరకాయ?"

"జర ఆగరాదు."

ఆమె సొరకాయను పక్కన పెట్టి పప్పు వండింది.

మొదటి తిప్పుకే డబ్బా చేజారి, హాలంతా నల్లటి గీత గీస్తూ గుమ్మం దాటి, మెట్ల మీదుగా రెండంతస్తులు దిగింది. వెనకాలే నరేష్ దిగాడు. రెండోసారి దాన్ని దివాన్ మీది దుప్పటిలో చుట్టి పట్టుకున్నాడు. ఫిల్టర్ కదల్లేదు గానీ దుప్పటి మళ్లీ తెల్లబడలేదు. ఆ కీచు శబ్దానికి కింది ఇంటి ఓనరు, బోరు మోటారు పోయిందనుకుని రెండుసార్లు స్విచ్ ఆపాడు. రెండు గంటలకు మూత ఊడింది.

కాయితాన్ని బాల్కనీలో పరిచాడు. ఎండకు అది తళతళ మెరిసింది. కాయితం నిండా ఇనుప పొడి. అంటే ఇంజను అరిగిపోతున్నట్టే.

"ఏమొచ్చింది?" లోపలి నుంచి ప్రసన్న అడిగింది.

"ఎండాలె. ఎండినంకనే తెలుస్తది."

కాయితం చుట్టి చెప్పుల స్టాండు వెనక దూర్చాడు. మెకానిక్ లింగస్వామికి చూపిస్తే సాయంత్రానికల్లా చంపాపేట్ దాకా టముకు వేస్తాడు. నాలుగేళ్ల పరువు గంగలో కలుస్తుంది. ఎట్లాగూ పేలిపోయే ఇంజను ఇంకొకరి చేతిలో పేలితే తప్పు వాళ్లదే అవుతుంది కదా అన్న ఆలోచన అప్పుడే వచ్చింది. అందుకు సిగ్గుపడ్డాడు కూడా, ఒక నిమిషం పాటు.

చాయ్ తాగుతూ అన్నాడు. "ప్రసన్నా, మూడు రోజులెందుకు, బండి మొత్తానికి నువ్వే తీస్కో."

ఆమె కప్పు కింద పెట్టింది. "కాయితం సాఫ్‌గున్నదా?"

"అద్దంలెక్క ఉన్నది. నువ్వు రెండు బస్సులు మారుతుంటే నా పానం ఒప్పుతలేదు."

"మొత్తానికంటే ఆరు రోజులా?"

"ఏడు."

"మాట మార్చవు గద?"

అనుమానం దేనికని ఆమె వెంటనే అత్తగారు లింగమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. నరేష్ అదే మాట తల్లికీ చెప్పాల్సి వచ్చింది. "నా కొడుకు బంగారం," అంటూ అటునుంచి లింగమ్మ ముక్కు చీదింది. తాళం ఇస్తున్న ఫోటో చుట్టాల గ్రూపులో పెడితే ముప్ఫై ఇద్దరు చప్పట్లు కొట్టారు.

ఆ వారమంతా నరేష్ మెట్రోలో నిలబడి, బండి ఆగిందన్న ఫోన్ కోసం చూశాడు. "చెప్పిన గద" అనే మాట నాలుక చివర పెట్టుకునే తిరిగాడు. ఫోన్ రాలేదు. శనివారం సాయంత్రం ప్రసన్న మామిడిపండ్ల సంచితో ఇల్లు చేరింది.

"బాటసింగారం మార్కెట్ దాకా పోయిన. హైవే మీద వెన్నలెక్క పోయింది."

నరేష్ ఇక ఆపుకోలేకపోయాడు. "ఇంజన్ల సప్పుడేం రాలేదా? ఆ కాయితం నిండా ఇనుప పొడి ఉండె ప్రసన్నా. నీకు చెప్పలే."

ఆమె తాపీగా పండు కోసింది. "ఎరుకే. చెప్పులు తీస్తుంటే కనవడ్డది. ఆ రోజు చాయ్ పెట్టకముందే చూసిన."

"చూసి కూడా ఎట్ల తీస్కున్నవ్?"

"ఆ పొడికి ఒక దిక్కు నీలం రంగున్నది. ఇంజన్ లోపల నీలం రంగు ఎవరేసిన్రు?"

డబ్బా రేకును రంపంతో కోస్తే రాలిన పొడి అది. ఇంజను నిక్షేపంగా ఉంది. ఇంజను బాగుందన్న సంతోషం, బండి పోయిందన్న ఏడుపు ఒకేసారి తన్నుకొచ్చాయి.

"అప్పుడే చెప్పొచ్చు గద?"

"చెప్దామనే చాయ్ తెచ్చిన. నువ్వే తొందరపడి ఇచ్చేస్తివి."

చాలాసేపు పండు తిన్నట్టు నటించి, గొంతు తగ్గించి అడిగాడు. "పోనీ, వాపస్ ఇస్తవా?"

"ఇస్త. అత్తమ్మకు ఫోన్ కలుపుత, వాపస్ అడుగుతున్నవని చెప్త. ఎందుకిచ్చినవో మాత్రం నువ్వే చెప్పాలె."

నరేష్ లేచి, మెట్రో కార్డు ఎక్కడ పెట్టానా అని వెతుక్కున్నాడు.